తీగలో దాగిన దోషము

అసలే మోగని టెలిఫోను కంటె ఒక్కమారు మోగి ఊరకుండు టెలిఫోను ఇంటివారిని ఎక్కువగా కలతపెట్టును. మోగనిచో అది చెడిపోయినదని అందరు నెరుగుదురు. వేరొక ఉపాయము చూచుకొందురు. ఒక్కమారు మోగి ఆగినచో, పిలిచినవారు విసిగి మానుకొనిరో, ఇంటివారు ఎత్తలేదో, తీగయే చెడినదో తేలదు.

పాకాలనుండి ధర్మవరమునకు పోవు రైలుమార్గమున, పీలేరు దాటిన పిమ్మట కలికిరి వచ్చును. 2022వ సంవత్సరము వరకు అది చిత్తూరు జిల్లాలోని ఊరు. చుట్టును బండరాళ్ల గుట్టలు. వాని నడుమ చెరువులు, వేరుసెనగ చేలు, టమోటా తోటలు. ఆ ఊరిలో ఇట్టి యిల్లొకటి కలదనుకొందము. కాలము 2000వ సంవత్సరమునకు పిమ్మటి రెండు మూడేండ్లు. టెలిఫోను ప్రతి వీధికిని వచ్చినది గాని సెల్‌ఫోను ప్రతి చేతికిని ఇంకను రాలేదు. ఇంటిలో నుండువారు తాత, అవ్వ, ఎనిమిదవ తరగతి చదువు మనుమడు. తాతకు ఉబ్బసము. మనుమని తల్లి బెంగుళూరున ఉద్యోగము చేయుచున్నది. ఆమె ప్రతిదినము ఉదయము ఆరుగంటలకు, పనికి బయలుదేరకముందే, తండ్రికి రాత్రి ఎట్లు గడచెనో అడుగుటకును, కొడుకుతో నాలుగు మాటలు పలుకుటకును టెలిఫోను చేయును. ఆ ఇంటిలో దినము మొదలగుట ఆ గంటతోనే.

అక్టోబరు మాసమున ఈశాన్యపు వానలు పట్టినవి. ఒకనాటి ఉదయము ఆరుగంటలకు గంట మోగెను. సగము మోగి ఆగిపోయెను. అవ్వ పరుగున వచ్చి రిసీవరు ఎత్తగా, మూకుడులో ఆవాలు చిటపటలాడినట్టి చప్పుడు తప్ప మాట వినరాలేదు. బెంగుళూరున నున్న కూతునకు తోచినది వేరు. అవతల ఎవరో ఎత్తినట్లే గంట ఆగినది. పిలిచినను పలికినవారు లేరు. తండ్రికి ఊపిరి ఆడక అందరును ఆయన చుట్టును చేరి, ఎత్తిన రిసీవరును పడవేసి పోయిరేమో అని ఆమె భయపడెను. పొరుగున నున్న దుకాణమునకు ఫోను చేసి, వారిచేత కబురంపించి, తాత కాఫీ త్రాగుచున్నాడని వినునంతవరకు ఆమె కాలు నిలువలేదు.

పదకొండు గంటలకు టెలిఫోను తనంతట తానే బాగుపడెను. చెప్పి పంపిన మీదట లైన్‌మన్ మధ్యాహ్నము వచ్చెను. రిసీవరు ఎత్తి వినెను. డయలు టోను శంఖమువలె స్వచ్ఛముగా నుండెను. ఎక్స్ఛేంజివారిచేత తిరిగి పిలిపించెను. గంట చక్కగా మోగెను. "లైను బాగున్నదమ్మా" అని చెప్పి వెడలిపోయెను. మరునాటి ఉదయము మరల అదే కథ. మూడుమార్లు ఇట్లే జరిగినది. అవ్వకు లైన్‌మన్ మీద కోపము వచ్చెను గాని ఆ కోపము న్యాయము కాదు. దోషము లేని వేళ వచ్చి వెదకినవానికి దోషము ఎట్లు దొరకును?

టెలిఫోను నడచు తీరు కొంత తెలిసినగాని ఈ చిక్కు విడదు. 1876లో అలెగ్జాండరు గ్రాహంబెల్ దానికి పేటెంటు పొందెను. ఆరేండ్లు తిరుగునప్పటికి, 1882 జనవరి 28న, కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములలో ఎక్స్ఛేంజీలు తెరువబడినవి. ఇట్టి టెలిఫోనుకు ఇంటికి వచ్చు రాగితీగల సంఖ్య రెండే. ఆ రెండు తీగలకు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీలు 48 వోల్టుల శక్తిని ఎల్లప్పుడు అందించుచుండును. అందుచేతనే ఇంటిలో కరెంటు పోయినను పాతకాలపు టెలిఫోను పని చేయును.

రిసీవరు దించి యున్నంతసేపు యంత్రములోని కొక్కెము దారిని తెంచి యుంచును, ప్రవాహము పారదు. ఎత్తినంతనే ఒక తీగనుండి రెండవ తీగకు దారి ఏర్పడి, ఆంపియరులో వెయ్యవ వంతులు ఒక యిరువదియో ముప్పదియో ప్రవహించును. ఆ స్వల్ప ప్రవాహమును చూచియే ఎక్స్ఛేంజి "ఈ యింటివారు రిసీవరు ఎత్తిరి" అని గ్రహించి డయలు టోను పంపును. ఇతరులు మనలను పిలిచినప్పుడు గంట మ్రోగించుటకు పంపు శక్తి వేరు. అది సుమారు 75 వోల్టులది, సెకనునకు 25 మార్లు ముందువెనుకలగుచుండును. గంటకు అడ్డముగా కండెన్సరు అను చిన్న సాధనముండును. అది ఈ ఊగులాడు ప్రవాహమును పోనిచ్చును గాని బ్యాటరీ ప్రవాహమును పోనీయదు. కాబట్టి గంట మోగుచున్నంతసేపును బ్యాటరీ ప్రవాహము పారరాదు. పారెనా, ఎవరో రిసీవరు ఎత్తిరని ఎక్స్ఛేంజి తలచి గంటను ఆపివేయును. పిలిచినవారి ఖాతాలో మాటల లెక్క కూడ మొదలిడును.

ఎక్స్ఛేంజికి కన్నులు లేవు. రెండు తీగల నడుమ ప్రవాహము పారినదా లేదా అనునదొక్కటే దానికి తెలియును. రిసీవరును అవ్వ ఎత్తినను, తీగల నడుమ తడి చేరి ఎత్తినను దానికి ఒక్కటే.

తీగల దోషములు పలువిధములుగా కనబడును గాని వాని మూలములు కొన్నియే. తీగ ఎచటనో తెగినచో టెలిఫోను మూగపోవును. పిలుచువారికి గంట మోగుచున్నట్లే వినబడును, ఇంటిలో నిశ్శబ్దము. రెండు తీగలు ఒండొంటితో కలిసిపోయినచో ఇంటిలో డయలు టోను ఉండదు, పిలుచువారికి ఎల్లప్పుడు మాటలలో నున్నట్టి సంకేతమే వచ్చును. ఒక గదిలో రిసీవరు సరిగా కూర్చుండకపోయినను ఇదే లక్షణము. లైన్‌మన్‌ను పిలుచుటకు ముందు ప్రతి గదిలోని రిసీవరును ఒకమారు ఎత్తి దించి చూచుట మంచిది. ఈ పని చేయకయే కబురు పంపినవారు ఎందరో! ఒక్క తీగ తడిగోడకో ఇనుప కమ్మికో తగిలి భూమితో సంబంధము పెట్టుకొన్నచో, రెండు తీగల సమత చెడి, మాటల వెనుక తుమ్మెద రొదవంటి ఝుంకారము పుట్టును. ఇక నాలుగవది, అన్నిటిలో మాయలాడి, తీగలు కలియవు, తెగవు. వాని నడుమ తడి సన్ననిదారి ఏర్పరచును. ఆ దారి ఎండలో మూసికొని మంచులో తెరచుకొనును. చిటపట చప్పుడు దాని గురుతు. ఒక్కమారు మోగి ఆగుట కూడ దాని గురుతే.

ఇట్టివేళ జనులు సామాన్యముగా చేయు పని ఊహించుట. ఒకరు యంత్రము మార్పుమందురు. వేరొకరు తీగలన్నియు పెరికి క్రొత్తవి వేయుమందురు. చేతితో తట్టి చూచువారును కలరు. తట్టినప్పుడు ఒక్కొకమారు బాగగుట కూడ కలదు, అదియే ఎక్కువ హాని. వదులు కీలు కొంచెము కదలి సరిపడును. దోషము మరికొన్ని దినములు దాగును. చెడిన లైనుకు ఎక్కువ శక్తి నిచ్చి దారికి తెత్తమనుకొన్న వారి కథ ఒకటి లోకప్రసిద్ధము. 1858 ఆగస్టులో అట్లాంటికు సముద్రపు అడుగున తంతి కేబులు వేయబడెను. సంకేతములు క్షీణించుట చూచి, వైల్డ్‌మన్ వైట్‌హౌస్ అను అధికారి దోషమెచట నున్నదో నిర్ణయింపకయే సుమారు 2000 వోల్టుల శక్తిని ప్రయోగించెను. ముందే బలహీనమై యున్న కేబులు పూర్తిగా నాశమాయెను. అది పనిచేసినది మూడు వారముల వరకే. నిలుకడగల కేబులు ఆ సముద్రము దాటుటకు 1866 వరకు వేచియుండవలసి వచ్చెను.

మన కలికిరి ఇంటిలో ఊహకు బదులు వేరొక పని జరిగినది. లైన్‌మన్ రెండవమారు వచ్చి పోయిన నాటి సాయంకాలము మనుమడు లెక్కల నోటుపుస్తకము కడపటి పుటలో నాలుగు గడులు గీచెను. తేది, గంట, వాన కలదా లేదా, టెలిఫోను ఎట్లున్నది. దినమునకు నాలుగుమార్లు రిసీవరు ఎత్తి విని వ్రాయసాగెను. ఎనిమిది దినములకు పుట నిండెను.

లైన్‌మన్ నాలుగవమారు వచ్చినప్పుడు ఈసారి యంత్రము వైపు పోక, "ఇది ఎప్పుడెప్పుడు చెడుచున్నదమ్మా?" అని అడిగెను.

"ఎప్పుడని చెప్పేది నాయనా! దాని యిష్టము వచ్చినప్పుడు" అనెను అవ్వ.

"కాదవ్వా" అని మనుమడు పుస్తకము తెచ్చి చూపెను. ఎనిమిది దినములలోను ఉదయము తొమ్మిదింటి లోపల చిటపట. పదకొండు దాటిన పిమ్మట స్వచ్ఛము. ఒక్కనాడు మాత్రము దినమెల్ల చిటపటయే. ఆనాడు వాన చినుకు పడలేదు, కాని సూర్యుడు మబ్బునుండి వెలికి రాలేదు.

లైన్‌మన్ ఆ పుటను రెండుమార్లు చదివి నవ్వెను. "ఇది ఎండకు నయమగు జబ్బు. నేను ప్రతిసారి నయమైన పిమ్మట వచ్చితిని. రేపు ఆరుగంటలకు ముందే వత్తును. రాత్రి గదులలోని టెలిఫోనులను కదపవద్దు, తీగను ముట్టవద్దు. ఉన్నదున్నట్లే ఉండనిమ్ము" అనెను.

దోషము ఎచట నున్నదని అడుగుటకు ముందు ఎప్పుడున్నదని అడుగుట వలన సగము పని ముగిసినది. వాన పడని మబ్బు దినమున కూడ అది ఉన్నది కనుక, దోషమునకు కారణము కురియు నీరు కాదు, ఆరని తడి. స్తంభముల మీది తీగ గాలికి త్వరగా ఆరును. గోడను అంటియున్న తీగ ఆరదు. అయినను ఇది అనుమానమే. పరీక్షింపవలసినది ఇంకను కలదు.

ఆ యింటిలో తీగ పోకడ ఇట్లుండెను. వీధి స్తంభము మీది పెట్టెనుండి నల్లని తీగ ఒకటి వచ్చి వసారా చూరు క్రింద ఒక చిన్న తెల్లని పెట్టెలో ముగియును. దీనిని లైన్‌మన్‌లు రోసెట్టు అందురు. స్తంభమునుండి అంతవరకు టెలిఫోను శాఖవారి బాధ్యత. అచటనుండి ఇంటిలోని తీగ మొదలగును. అది గోడ నంటి నడిమింటికి పోయి ఒక పెట్టెలో చేరును. అచట ఒక టెలిఫోను. ఆ పెట్టెనుండి మరల తీగ బయలుదేరి, గోడలోని రంధ్రము గుండ దొడ్డివైపు వెలుపలికి వచ్చి, మిద్దె తూము క్రిందుగా పోయి, వెనుక గదిలో తాత మంచము ప్రక్కనున్న రెండవ టెలిఫోనుకు చేరును. రాత్రివేళ ఆయాసము వచ్చినచో తాత లేవకయే పిలువగలుగుటకు ఏడాది క్రిందట ఆ రెండవది పెట్టించిరి.

మరునాడు చీకటి విడకముందే లైన్‌మన్ వచ్చెను. మంచు దట్టముగా పడినది. రిసీవరు ఎత్తి వినగా చిటపట స్పష్టముగా నుండెను. "ఇంటిలోనే ఉన్నాడు దొంగ" అనెను. అతడు యంత్రముల జోలికి పోలేదు. వసారాలోని రోసెట్టు మూత తీసి, ఇంటిలోనికి పోవు రెండు తీగలను మరలు వదులు చేసి విడదీసెను. వెలుపలినుండి వచ్చు తీగలకు తన చేతి టెలిఫోనును తగిలించి మనుమని చెవి దగ్గర పెట్టెను. చిటపట లేదు. ఎక్స్ఛేంజినుండి పిలిపించగా గంట ఆగక మోగెను.

"ఏమి తెలిసినది?" అని అడిగెను.

"బయటి లైను బాగున్నది" అనెను మనుమడు.

"ఎంత దూరము?"

మనుమడు కొంచెము ఆలోచించి, "ఎక్స్ఛేంజి నుండి ఈ పెట్టె వరకు" అనెను.

ఒక్క పరీక్షతో ఎక్స్ఛేంజిలోని యంత్రములు, భూమిలోని కేబులు, వీధి స్తంభములు, చూరువరకు వచ్చిన నల్లతీగ, ఇవియన్నియు నిర్దోషులుగా తేలినవి. మిగిలినది ఇల్లు మాత్రమే. ఈ పరీక్ష లేనియెడల ఇంటివారు శాఖను, శాఖవారు ఇంటిని నిందించుకొనుచు సంక్రాంతి వరకు కాలము గడిపియుందురు. గమనింపవలసినదేమనగా, లోపలి తీగలను విడదీయక బయటి లైనును పరీక్షించుట వ్యర్థము. లోపలి దోషము బయటి లైనును కూడ చెడగొట్టి చూపును.

లైన్‌మన్ లోపలి తీగలను తిరిగి బిగించెను. చిటపట మరల వచ్చినది. అట్లు రావలెను. రాకపోయిన యెడల వదులు మర బిగియుటచే దోషము పోయెనని అనుమానింపవలసి యుండెను. పిమ్మట నడిమింటి పెట్టె దగ్గరకు పోయి, అచటినుండి వెనుక గదికి పోవు తీగలను మాత్రము విప్పెను. చప్పుడు నిలిచిపోయెను. అనగా వసారానుండి నడిమింటి వరకు నున్న తీగయు, నడిమింటి టెలిఫోనును మంచివే. దోషము అవతలిభాగమున నున్నది. అచట మిగిలినవి రెండే వస్తువులు, తీగ, తాత మంచము ప్రక్కనున్న టెలిఫోను. తీగలను మరల కలిపి ఆ టెలిఫోనును ఊడదీయించెను. చప్పుడు అట్లే యున్నది. టెలిఫోను నిర్దోషి, తీగ దోషి.

ఒకేసారి టెలిఫోనును మార్చి, తీగను కదిపి, మరలను బిగించి యుండినచో చప్పుడు పోయెడిదేమో గాని ఏది కారణమో తెలిసెడిది కాదు. ఒక్కొక్క పరీక్షలో ఒక్కొక్క దానినే మార్చిరి. మార్చిన దానిని మరల యథాస్థానమున పెట్టి తరువాతి దానికి పోయిరి.

దీనిలో లెక్క కూడ కలదు. ఒక తీగను ఎనిమిది భాగములుగా తలచి ఒక చివరనుండి ఒక్కొక్క భాగమును చూచుచు పోయినచో ఏడు పరీక్షలు కావలసి రావచ్చును. నడుమ విడదీసి, చెడినది ఏ సగమో తెలిసికొని, ఆ సగమును మరల నడుమ విడదీసినచో మూడు పరీక్షలు చాలును. పదునారు భాగములకు నాలుగు. వేయిన్ని యిరువదినాలుగు భాగములకు పది మాత్రమే. పెద్ద కేబులులో ఇట్లు త్రెంచుటకు వీలులేదు కనుక ఎక్స్ఛేంజివారు నిరోధమును కొలుతురు. అరమిల్లీమీటరు మందముగల రాగితీగల జంటకు, పోయి వచ్చు దారి కిలోమీటరునకు సుమారు 175 ఓముల నిరోధము. అట్టి లైనులో రెండు తీగలు ఒకచోట కలిసిపోయి కొలతలో 35 ఓములు వచ్చినచో, కలిసిన చోటు దాదాపు 200 మీటర్ల దూరమున నున్నదని, త్రవ్వకయే చెప్పవచ్చును. కాని ఇంటిలోని పది యిరువది మీటర్ల తీగకు ఈ కొలత అంతగా ఉపకరింపదు. అందునా తడిదారికి నిలుకడయైన నిరోధము లేదు. ఇంటిలో విడదీసి చూచుటయే మేలు.

దొడ్డివైపు గోడమీద తీగ వెంబడి కన్ను పోనిచ్చిరి. మిద్దె తూమునకు జేనెడు క్రింద తీగ ఒకచోట ఉబ్బెత్తుగా నుండెను. దాని మీద సున్నపు పొర. రెండవ టెలిఫోను పెట్టిననాడు తీగ చాలక పనివాడు వేరొక ముక్క చేర్చి, మెలిపెట్టి, గుడ్డపట్టీ చుట్టెను. సంక్రాంతికి గోడకు సున్నము కొట్టినవారు దానిమీద కూడ కొట్టిరి. సున్నపు పొర తడిని పీల్చి పట్టియుంచును. పట్టీ విప్పగా లోపల రాగి పచ్చని చిలుము పట్టియుండెను. రెండు తీగల మెలికలును ప్రక్కప్రక్కనే, వ్రేలి మందము ఎడము కూడ లేక యుండెను.

రెండు తీగలలో ఒకదాని చిలుము ఎక్కువ, రెండవదానిది తక్కువ. దీనికి కారణము కలదు. తడిగుండ ప్రవాహము పారినప్పుడు ధనవిద్యుత్తు వైపుననున్న లోహము కరగి తినబడును. ఋణము వైపునది నిలుచును. అందుచేతనే ఎక్స్ఛేంజీలలో బ్యాటరీ ధనధ్రువమును భూమికి కలిపి, లైనును భూమికంటె ఋణముగా నుంచుదురు. భూమిలోని కేబులునకు తడి తగిలినను రాగి త్వరగా తినబడకుండుటకు ఈ ఏర్పాటు. కాని ప్రక్కప్రక్కనున్న రెండు తీగల నడుమ తడి చేరినప్పుడు, వానిలో ధనమువైపునది నష్టపడక తప్పదు.

లైన్‌మన్ ఆ అతుకును బాగుచేయలేదు, తీసివేసెను. నడిమింటి పెట్టెనుండి వెనుక గది వరకు, నడుమ అతుకు లేని ఒకే తీగను, వెలుపలికి రానీయక దూలముల వెంబడి లోపలనే నడిపించెను. వెలుపల అతుకు తప్పనిసరియైనచో రెండు తీగల అతుకులు ఒకే చోట ఉండరాదు. ఒకదానికి ఒకటి నాలుగంగుళములైన ఎడముగా ఉండవలెను. తడి చొరని మూతగల పెట్టెలో ఉండవలెను. గుడ్డపట్టీ చాలదు. తీగను పెట్టెలోనికి తెచ్చుటకు ముందు కొంచెము క్రిందికి వంచి పైకి తెచ్చినచో దాని వెంబడి జారు నీరు వంపులోనే రాలిపోవును.

గంట మోగువేళ తీగచివరలను చేతితో పట్టరాదు; 75 వోల్టులు ప్రాణము తీయకున్నను గట్టిగా ఝాడించును. ఉరుములు మెరుపులు గలవేళ తీగను ముట్టనే రాదు. కరెంటు తీగలకు, అనగా 230 వోల్టుల తీగలకు ఈ పరీక్షలు చేయబూనుట బాలుర పని కాదు. స్తంభమెక్కుట ఎవరికిని తగదు, ఆ పనివారికి తప్ప.

తడి ఒక్కటే శత్రువని కాదు. చూరులోని తీగ తొడుగును ఎలుకలు, ఉడుతలు కొరుకును. పెట్టెలలో చీమలు గూడుకట్టుకొనును. కలకత్తానుండి డైమండు హార్బరు వైపు తంతిమార్గము వేసిన ఓషాగ్నెసీ ఈ దేశపు జంతువులను, గాలివానలను చూచి సన్నతీగలను నమ్మక లావుపాటి ఇనుప కడ్డీలను వాడెను. ఇండ్లలో అంత పని సాధ్యము కాదు. ఏడాదికి ఒకమారు పెట్టె మూత తీసి దులుపుట సాధ్యము. ఒకే లైనుకు నాలుగైదు టెలిఫోనులు తగిలించుటయు మంచిది కాదు. ఎక్స్ఛేంజి పంపు గంట శక్తి అన్నిటికి పంచబడి, అన్నియు నీరసముగా మోగును.

2005 నుండి ఈ రాగితీగల మీదనే బ్రాడ్‌బ్యాండు కూడ వచ్చినది. మాటలకు కావలసినది సెకనునకు నాలుగువేల కంపనముల లోపలి భాగము. బ్రాడ్‌బ్యాండు దానికి చాల మీదిభాగమును వాడుకొనును. రెంటిని వేరుచేయు చిన్నపెట్టెను స్ప్లిట్టరు అందురు. దానికి ముందే ఒక టెలిఫోనును తగిలించినచో టెలిఫోనులో బుసబుస, కంప్యూటరులో తెగి తెగి వచ్చు సంబంధము. ఇచట కూడ మొదటి పరీక్ష అదియే. ఇంటి తీగలన్నిటిని విడదీసి, బయటి లైను చేరు చోటనే యంత్రమును పెట్టి చూడవలెను.

కలికిరి ఇంటిలో తీగ మార్చిన మరునాడు కూడ మంచు పడినది. ఆరుగంటలకు గంట మోగెను. ఆగిపోవునేమో అని అవ్వ, తాత, మనుమడు ముగ్గురును చూచుచు నిలిచిరి, ఎవరును ఎత్తలేదు. నాలుగవమారు మోగినప్పుడు తాత తన మంచము ప్రక్కనున్న రిసీవరు ఎత్తెను. "ఏమి నాయనా, ఇంతసేపు ఎత్తలేదు?" అని అవతలనుండి కూతురు కంగారుపడెను. "మోగనిమ్మని ఊరకుంటిమమ్మా" అనెను తాత.

ఇప్పుడు చాల ఊళ్లలో రాగితీగలకు మారుగా గాజుతీగలు వచ్చినవి. వానిలో పారునది విద్యుత్తు కాదు, కాంతి. కనుక తడివలన తీగల నడుమ దారి ఏర్పడుట యుండదు. అయితే తీగ గట్టిగా మడతపడినచో కాంతి చిందిపోవును. ఇంటిలోని పెట్టెమీద ఎల్.ఓ.ఎస్. అను చోట ఎఱ్ఱదీపము వెలిగినచో బయటినుండి కాంతి చేరుట లేదని అర్థము. వెలుగనిచో లోపల వెదకవలెను. ఊడిన గాజుతీగ చివరను కంటి కెదురుగా పట్టి లోపలికి చూడరాదు. దానిలోని కాంతి కంటికి కనబడదు గాని కంటికి హాని చేయగలదు.